ఏడో తరగతి సోషల్ పీరియడ్: పాఠం ముందా, చదవడం ముందా?

తాడేపల్లి సోషల్ టీచర్ | గురువారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. తాడేపల్లి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సోషల్ చెబుతున్నాను. పదకొండేళ్ల సర్వీసు. రెండు వారాలుగా ఒక విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు. మీ ముందు పెడితే ఏదైనా దారి దొరుకుతుందని రాస్తున్నాను.

ఏడో తరగతిలో కాకతీయుల పాఠం మొదలుపెట్టిన రోజు ఒక అబ్బాయిని లేపి మొదటి పేరా చదవమన్నాను. ఎక్కడా తడబడకుండా, గొంతెత్తి చదివాడు. ఒత్తులు కూడా తప్పలేదు. చాలా సంతోషం వేసింది. "కాకతీయులు మొదట ఎవరికి సామంతులు నాన్నా?" అని అడిగాను. ఆ మాట అతను అప్పుడే చదివాడు. నిలబడిపోయాడు. పుస్తకంలో మళ్లీ చూడమన్నాను. చూశాడు, కానీ ఎక్కడ వెతకాలో తెలియలేదు. అసలు సామంతుడంటే ఏమిటని క్లాసు మొత్తాన్ని అడిగాను. ముప్పై ఎనిమిది మందిలో నలుగురు చేతులెత్తారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆలోచించాను. ఇన్నేళ్లూ నేను పాఠం చదివి, కథలా చెప్పాను. పిల్లలు విన్నారు. చివర్లో ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాశాను, వాళ్లు నోట్సులో ఎక్కించుకున్నారు. లఘు పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. కానీ పుస్తకం చదివింది నేను. వాళ్లు ఒక్కసారి కూడా చదవలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. పీరియడ్ మొదట్లో పదిహేను నిమిషాలు చదవడానికే. రోజుకు ఆరేడు వాక్యాలు, అంతకంటే ఎక్కువ వద్దు. ముందు ఎవరికి వాళ్లు మనసులో చదువుకుంటారు. తర్వాత ఒకరు పైకి చదువుతారు. ఆ తర్వాత పుస్తకం మూసి, పక్కనున్నవాళ్లకు సొంత మాటల్లో చెప్పాలి. అప్పుడు నేను ఒకే ప్రశ్న అడుగుతాను. జవాబు ఆ వాక్యాల్లోనే ఉంటుంది. ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించాలి. ఇదంతా అయ్యాకే నేను నోరు విప్పుతాను.

పిల్లల్లో తేడా కనిపిస్తోంది. కానీ రోజుకు అర పేజీ దాటడం లేదు. పక్క సెక్షన్ నాకంటే రెండు పాఠాలు ముందుంది. పరీక్ష దగ్గరికొస్తోంది. నేను చేస్తున్నది సరైనదేనా? టెన్షన్‌గా ఉంది.

తెనాలి తెలుగు మాస్టారు | గురువారం, రాత్రి 10:02

మేడమ్, మీరు రాసింది చదువుతుంటే నా క్లాసే కళ్ల ముందు కనిపించింది. ఉపవాచకం చదవమంటే గలగలా చదివేస్తారు. కథలో ఆ ముసలాయన ఎందుకు ఏడ్చాడో అడిగితే తలొంచుకుంటారు.

నా అనుభవంలో ఇబ్బంది అక్షరాల దగ్గర లేదు, పదాల దగ్గర ఉంది. సోషల్ పుస్తకంలో ఒక్క పేజీలోనే సామంతుడు, శిస్తు, మాన్యం, శాసనం, దానం అని వరసగా వస్తాయి. తెలియని పదాన్ని పిల్లవాడు తెలియదని గుర్తిస్తాడు. తెలుసనుకున్న పదమే మోసం చేస్తుంది. 'దానం' అంటే గుడి దగ్గర చిల్లర వేయడమని వాళ్లకు తెలుసు. రాజు ఒక ఊరిని దానం చేశాడంటే, ఆ ఊరి పంట మీద వచ్చే ఆదాయాన్ని ఒక గుడికో మఠానికో రాసిచ్చాడని ఎవరు చెప్పాలి? ఆ ఒక్క మాట తెలియకపోతే పేరా అంతా పోతుంది.

నేను క్లాసు గోడకు ఒక చార్టు అంటించాను. రోజుకు మూడు పదాలు. అర్థం నేను చెప్పను. ఆ పదం వచ్చిన వాక్యాన్ని పిల్లలే రాసి, కింద ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో దాని అర్థం రాయాలి. 'శిస్తు' కింద ఒక అమ్మాయి "మా తాత పొలానికి కట్టే డబ్బు" అని రాసింది. అంతకంటే మంచి అర్థం నేను చెప్పలేను.

మీ స్కూల్లో తెలుగు మాస్టారినో మేడమ్‌నో కలుపుకోండి. మీరు చెప్పబోయే పేరాని వాళ్లు ముందురోజు తెలుగు పీరియడ్‌లో చదివిస్తే మీకు పదిహేను నిమిషాలు మిగులుతాయి. నేను మా సోషల్ మేడమ్‌తో అలాగే చేస్తున్నాను.

గుంటూరు ప్రైవేట్ స్కూల్ టీచర్ | శుక్రవారం, ఉదయం 7:25

నేను కొంచెం వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మా దగ్గర ప్రతి శనివారం టెస్టు. ఏ వారం ఏ పేజీ దాకా అయిపోవాలో ముందే షెడ్యూల్ ఇస్తారు. ఒక్క రోజు ఆలస్యమైనా పేరెంట్స్ గ్రూపులో మెసేజ్ పెడతారు. ఆరేడు వాక్యాలతో పీరియడ్ గడిపితే నా ఉద్యోగం నిలవదు.

ఇంకో సంగతి కూడా ఉంది. సోషల్ టీచర్ పని చరిత్ర చెప్పడం. చదవడం నేర్పడం ప్రైమరీలో జరిగిపోవాలి. అక్కడ జరగని పనిని ఏడో తరగతిలో మనమే నెత్తిన వేసుకుంటే చరిత్ర ఎప్పుడు చెబుతాం?

తాడేపల్లి సోషల్ టీచర్ | శుక్రవారం, సాయంత్రం 5:40

మీ ఇబ్బంది నాకు అర్థమైంది. నేనూ మొదట్లో ఒక ప్రైవేట్ స్కూల్లో మూడేళ్లు చేశాను, ఆ శనివారాలు గుర్తున్నాయి.

కానీ ప్రైమరీలో నేర్చుకునే చదవడం వేరు, చరిత్ర చదవడం వేరు. ఒక కథలో కుందేలు ఎక్కడికి వెళ్లిందో ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. చరిత్రలో ఒక రాజు ఎందుకు గెలిచాడో తెలియాలంటే ముందు పేజీ గుర్తుండాలి, ఎవరు ఎవరి కింద ఉన్నారో తెలియాలి, ఏ సంవత్సరం ముందు, ఏది తర్వాత అని మనసులో సర్దుకోవాలి. ఆ చదవడం నేర్పగలిగేది చరిత్ర క్లాసులోనే. తెలుగు మాస్టారు సాయం చేస్తారు, పని మాత్రం నాదే అనిపిస్తోంది.

విశ్రాంత హెచ్‌ఎం, గుంటూరు | శుక్రవారం, రాత్రి 8:15

అమ్మా, ముప్పై నాలుగేళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. కాకతీయుల పాఠం చెబుతున్నారని చదివాక ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పిల్లలు కాకతీయులంటే ఓరుగల్లు అనుకుంటారు. అది ఎక్కడో దూరం. మీ స్కూలుకు దగ్గర్లోనే, తుళ్లూరు మండలం మల్కాపురంలో, కాకతీయుల కాలపు శాసన స్తంభం నిలబడి ఉంది. నంది ఉన్న రాతి స్తంభం. 1261 నాటిది. రుద్రమదేవి పాలన మొదలవుతున్న రోజులవి.

అందులో ఏముందో పిల్లలకు చెప్పి చూడండి. కాకతీయ రాజు గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శివాచార్యులకు రెండు ఊళ్లు దానంగా ఇచ్చారు. ఒకటి మందరం, మరొకటి వెలగపూడి. మందరం అంటే ఇప్పటి మందడం. వెలగపూడి అంటే మీ పిల్లలు టీవీలో రోజూ వినే పేరే. సచివాలయం, అసెంబ్లీ ఉన్న ఊరు. ఆ ఊరి పేరు ఏడు వందల అరవై ఏళ్ల కిందటే రాతి మీద ఉంది.

ఆ ఊళ్ల ఆదాయంతో అక్కడ ఒక మఠం, విద్యాలయం, అన్నసత్రం నడిచాయి. వేదాలు చెప్పడానికి ముగ్గురు, మిగతా శాస్త్రాలు, సాహిత్యం చెప్పడానికి ఐదుగురు గురువులు. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. ఆరోగ్యశాల ఉంది, ప్రసూతిశాల ఉంది. ప్రసూతిశాల అనే మాట దగ్గర ఆగండి. పిల్లల్ని విడదీసి చదవమనండి. ఆ రోజుల్లో కాన్పుల కోసం ఒక చోటు కట్టి, దానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలో రాతి మీద రాయించారు. సత్రంలో కులం చూడకుండా అందరికీ అన్నం పెట్టాలని కూడా ఉంది.

శాసనం సంస్కృతంలో ఉంది కాబట్టి పిల్లలు నేరుగా చదవలేరు. మీరే సారాంశాన్ని ఎనిమిది తేలిక వాక్యాల్లో రాసి జిరాక్స్ తీసి ఇవ్వండి. పాఠం, చదవడం రెండూ ఒకే కాగితం మీద జరుగుతాయి. సిలబస్ గురించి బెంగపడకండి. ఈ ఒక్క కాగితంతో పరిపాలన, విద్య, దానాలు, మతం నాలుగూ అయిపోతాయి. మీరు వెనకబడింది రెండు పాఠాలే. తర్వాత వేగం దానంతటదే వస్తుంది. చదవడం వచ్చిన క్లాసుకు నవంబరు నుంచి మనం చెప్పాల్సింది సగమే ఉంటుంది. ఇది నేను చూసిన విషయం.

బెంజిసర్కిల్ అమ్మ | శనివారం, మధ్యాహ్నం 1:30

నేను టీచర్‌ని కాదు. మా బాబు విజయవాడలో ఆరో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో మేము తెలుగే మాట్లాడతాం. సోషల్ అంటే ఏడుపు. ఇంగ్లిష్ పేజీని కంఠతా పట్టేస్తాడు, ఒక్క పదం మర్చిపోతే మొత్తం ఆగిపోతుంది. మొన్న రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం, ఇద్దరం ఏడ్చాం. ఇంట్లో నేనేం చేయగలను?

తెనాలి తెలుగు మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:05

అమ్మా, ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, పక్క పేజీ అదే విషయం ఇంగ్లిష్‌లో ఉంటుంది. మీ స్కూల్లో వేరే పుస్తకమైనా సరే, ప్రభుత్వ పుస్తకం ఒకటి సంపాదించండి. ముందు తెలుగు పేజీ మీరిద్దరూ కలిసి చదవండి. ఒక పేరా మీరు, ఒక పేరా వాడు. తర్వాత పుస్తకం మూసి నాన్నకో నానమ్మకో చెప్పమనండి. విషయం తెలిశాక ఇంగ్లిష్ పేజీ చదివితే ఆ వాక్యాలు వాడికి అర్థమవుతాయి. ఇప్పుడు అర్థం లేకుండా మోస్తున్నాడు, అందుకే ఒక్క పదం జారితే అంతా జారిపోతోంది.

రాత్రి తొమ్మిది తర్వాత మాత్రం సోషల్ పుస్తకం తెరవనివ్వకండి. నిద్రమత్తులో చదివింది నిలవదు.

బీఈడీ విద్యార్థిని | శనివారం, సాయంత్రం 6:20

నమస్తే. నేను టీచింగ్ ప్రాక్టీసుకు విజయవాడలో ఒక స్కూలుకు వెళ్తున్నాను. హెచ్‌ఎం గారు చెప్పినట్టు దగ్గరి చోటుతో మొదలుపెడదామని, 1855లో కాటన్ దొర కట్టిన ప్రకాశం బ్యారేజీ మీద ఎనిమిదో తరగతికి ఒక చిన్న పేరా రాసుకున్నాను. సోమవారం చదివించబోతున్నాను. సలహాలు చెప్పండి.

విశ్రాంత హెచ్‌ఎం, గుంటూరు | శనివారం, సాయంత్రం 7:00

మంచి ఆలోచనమ్మా. సోమవారానికి ముందే ఇక్కడ పెట్టడం ఇంకా మంచిదైంది, ఒక్కటి సరిచేయాలి. 1855లో పూర్తయింది పాత ఆనకట్ట. కాటన్ పేరు మనకు గోదావరి మీద ధవళేశ్వరంతో ముడిపడి ఉంది. కృష్ణ మీద పని దగ్గరుండి చేయించిన ఇంజినీరు కెప్టెన్ ఓర్. ఆ ఆనకట్ట 1952 వరదలో దెబ్బతింది. దాని స్థానంలో ఇప్పుడు మనం బస్సులో దాటే బ్యారేజీ 1957కి పూర్తయింది. ప్రకాశం పంతులు గారు కన్నుమూసింది కూడా ఆ సంవత్సరమే. బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు.

ఈ తేడానే పిల్లలకు పాఠం చేయండి. "1855లో కట్టిన దానికి, 1872లో పుట్టిన ప్రకాశం గారి పేరు ఎలా వచ్చింది?" అని అడగండి. సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడటం చరిత్రలో మొదటి అలవాటు. ఆ ప్రశ్నకు జవాబు వాళ్లే పట్టుకుంటారు.

బీఈడీ విద్యార్థిని | శనివారం, సాయంత్రం 7:18

ధన్యవాదాలు సార్. చిన్నప్పటి నుంచి నాకు అలాగే తెలుసు, ఎవరూ సరిచేయలేదు. పేరా మొత్తం మళ్లీ రాస్తున్నాను. మీరు చెప్పిన ప్రశ్నే చివర్లో పెడతాను.

కృష్ణలంక నాన్న | ఆదివారం, రాత్రి 9:50

మీరందరూ చదువుకున్నవాళ్లు. నేను ఎనిమిదిలో ఆపేశాను, ఆటో నడుపుతాను. మా అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి. వాళ్ల టీచర్ రోజూ ఒక పేరా ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించమన్నారట. నేను రాత్రి ఇంటికొచ్చి అన్నం తింటుంటే పక్కన కూర్చుని చదువుతుంది.

మొదట్లో అలసిపోయి వినేవాణ్ని కాదు. ఒకరోజు బ్యారేజీ గురించి చదివింది. 1952 వరద అని వచ్చింది. "నాన్నా, 2024లో మనకు వచ్చిందే, అలాంటిదేనా?" అంది. సెప్టెంబరులో వరద వచ్చినప్పుడు బ్యారేజీ దగ్గర నీళ్లు 11 లక్షల క్యూసెక్కులు దాటాయి. పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగిలాయి. మేము కరకట్ట గోడ వైపు చూస్తూ రాత్రంతా మేలుకునే ఉన్నాం. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌లో మా చుట్టాల ఇల్లు మునిగింది. అదంతా దానికి చెప్పాను. మా నాన్న చెప్పిన పాత వరదల సంగతులు కూడా చెప్పాను. అది నోట్‌బుక్‌లో రాసుకుంది. నేను చెప్పింది ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు రాత్రి తను చదవకపోతే నేనే అడుగుతున్నాను. టీచర్లు ఆ పని ఆపకండి, అదొక్కటే చెబుదామని రాశాను.

తాడేపల్లి సోషల్ టీచర్ | ఆదివారం, రాత్రి 10:15

అన్నా, మీ మాటలు రెండుసార్లు చదివాను. రేపు మా పిల్లలకు కూడా ఆ పని ఇస్తాను. 2024 వరద మా తాడేపల్లి వైపు పిల్లలందరికీ గుర్తుంది. వాళ్లు చూసినదాన్ని తేదీతో, చోటుతో, ఎవరు చెప్పారో రాసుకుంటే, పుస్తకంలో 1952 అని చదివినప్పుడు దాని వెనక మనుషులున్నారని తెలుస్తుంది.

తెనాలి తెలుగు మాస్టారు | సోమవారం, ఉదయం 6:45

కాలువ ఒడ్డు పిల్లలకు చదివించడానికి నా దగ్గర ఒక పేరా ఉంది. కావాలంటే వాడుకోండి. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు మన కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవ తిరిగేది. ప్రయాణికులు అందులో కూర్చుని పుస్తకాలు, పత్రికలు చదువుకునేవాళ్లు. రోడ్లు సరిగా లేని రోజులు, కాలువే దారి.

మా పిల్లల్లో చాలామంది ఆ ఊళ్ల నుంచే వస్తారు. పేరా చదివాక "ఇప్పుడు ఆ పడవ ఉంటే మీరు ఏ పుస్తకం అడుగుతారు?" అని అడిగాను. లైబ్రరీ పీరియడ్‌లో అట్ట మీది పేరు రాసి పుస్తక సమీక్ష అయిందనిపించే పిల్లలు ఆ రోజు బీరువా దగ్గరికి వెళ్లి వెతికారు. 2020లో ప్రభుత్వం పిల్లల చేత చదివించడానికి పెట్టిన 'చదవడం మాకిష్టం' కార్యక్రమం మొదలైనప్పుడు వచ్చిన పుస్తకాలు మా బీరువాలో ఇంకా మడత నలగకుండా ఉన్నాయి. నాలుగు రోజుల్లో పదకొండు పుస్తకాలు బయటికి వెళ్లాయి.

గుంటూరు ప్రైవేట్ స్కూల్ టీచర్ | మంగళవారం, రాత్రి 8:30

మొన్న కొంచెం గట్టిగా మాట్లాడాను. నిన్న ఒక్క సెక్షన్‌లో ఏడు నిమిషాలు మాత్రం ప్రయత్నించాను. మోటుపల్లి రేవులోని అభయ శాసనం మీద ఐదు వాక్యాలు రాసి ఇచ్చాను. 1244లో గణపతిదేవుడు వేయించింది. అంతకుముందు తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డుకు చేరిన ఓడల్లో సరుకంతా రాజులు తీసేసుకునేవాళ్లు. తాను సుంకం మాత్రమే తీసుకుంటానని, మిగతాది వర్తకులకే వదిలేస్తానని ఆయన మాటిచ్చాడు.

"ఇలా చేస్తే రాజుకు నష్టమా, లాభమా?" అని అడిగాను. క్లాసు రెండుగా చీలిపోయింది. ఒక పాప లేచి, "భయం లేకపోతే ఎక్కువ ఓడలు వస్తాయి, అప్పుడు సుంకం ఎక్కువ వస్తుంది సార్" అంది. అది నేను చెప్పలేదు, కాగితం మీద కూడా లేదు. వాళ్లంతట వాళ్లే వెళ్లారు అక్కడిదాకా.

పీరియడ్ మొత్తం ఇలా నడపలేను. రోజుకు ఏడు నిమిషాలు మాత్రం ఎవరూ అడగరు. అంతవరకు చేస్తాను.

బెంజిసర్కిల్ అమ్మ | మంగళవారం, రాత్రి 9:05

మాస్టారూ, మూడు రాత్రులుగా తెలుగు పేజీ కలిసి చదువుతున్నాం. ఇంకా ఇంగ్లిష్ పేజీకి వెళ్లలేదు. కానీ ఏడుపు లేదు. నిన్న వాళ్ల నానమ్మకు హరప్పా మురుగు కాలువల గురించి పావుగంట చెప్పాడు.

తాడేపల్లి సోషల్ టీచర్ | బుధవారం, సాయంత్రం 6:10

హెచ్‌ఎం గారు చెప్పినట్టు మల్కాపురం శాసనాన్ని ఎనిమిది వాక్యాల్లో రాసి ఈరోజు ఇచ్చాను. ఊళ్ల పేర్లు మాత్రం శాసనంలో ఉన్నట్టే ఉంచాను. మనసులో చదువుతుంటే గది నిశ్శబ్దంగా ఉంది. మూడో వాక్యం దగ్గరికి రాగానే వెనక బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తకుండానే లేచింది. "మేడమ్, మందరం అంటే మందడమా? అది మా అమ్మమ్మ వాళ్ల ఊరు."

ఆ తర్వాత నన్నెవరూ పట్టించుకోలేదు. ప్రసూతిశాల అంటే ఏమిటని వాళ్లలో వాళ్లే విడదీసుకున్నారు. ఊరిని దానం చేస్తే ఆ ఊళ్లో రైతుల పొలాలు పోయాయా అని ఒకడు అడిగాడు. తెనాలి మాస్టారు చెప్పిన చార్టు గుర్తొచ్చి 'దానం' అని బోర్డు మీద రాశాను. మొదటి రోజు నిలబడిపోయిన ఆ అబ్బాయి వచ్చి దాని కింద "ఊరి శిస్తు రాజుకు బదులు మఠానికి ఇవ్వడం" అని రాశాడు.

శనివారం స్కూలు అయ్యాక పద్దెనిమిది మంది మల్కాపురం వస్తామంటున్నారు. మా హెడ్‌మాస్టరు గారు ఒప్పుకున్నారు, ఇళ్ల నుంచి అనుమతి కాగితాలు తెప్పిస్తున్నాను. హెచ్‌ఎం గారూ, అక్కడ ఏం చూపించాలి, ఎలా చూపించాలి?

విశ్రాంత హెచ్‌ఎం, గుంటూరు | బుధవారం, రాత్రి 7:45

ఎండ తగ్గాక వెళ్లండి. ఏటవాలు వెలుతురు పడితే అక్షరాలు లేచి కనిపిస్తాయి. రాతి మీద సుద్ద గాని, నీళ్లు గాని వేయనివ్వకండి. చేతులతో రుద్దకుండా చూడండి. మీ ఎనిమిది వాక్యాల కాగితం ప్రతి పిల్లవాడి చేతిలో ఉండాలి. ముందు రాయిని చూడనివ్వండి, లిపిలో తెలిసిన అక్షరాలేమైనా ఉన్నాయేమో వెతకనివ్వండి. ఒకటి రెండు దొరుకుతాయి, ఆ సంతోషం వాళ్లకు దక్కనివ్వండి. తర్వాత అక్కడే కూర్చోబెట్టి కాగితం పైకి చదివించండి.

మందడం అమ్మాయి చేత మూడో వాక్యం చదివించండి. వాళ్ల అమ్మమ్మను కూడా రమ్మనగలరేమో అడగండి.